పంటు మీద ఆషాఢం

పెళ్ళయిన కొత్తలో మా ఆయన నాతో మాట్లాడిన మాటలు లెక్కపెడితే చేతివేళ్ళు మిగిలిపోతాయి. "అన్నం పెట్టు." "కాలేజీకి వెళ్తున్నా." "గొడుగేదీ?" అంతే. పోనీ మాటలు రాని మనిషా అంటే అదీ కాదు. కాలేజీలో జువాలజీ లెక్చరరు, గంటల తరబడి పాఠం చెబుతారట. ఇంటి గుమ్మం ఎక్కితే చాలు, నోటికి తాళం పడిపోయేది. ఆయనొక్కరే అయితే ఎలాగో సరిపెట్టుకుందును. ఆ ఇంటిల్లిపాదీ అంతే. మా మావగారు వెంకన్నగారు పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, భోజనానికి పిలిచేదాకా అదే పేజీ. మా అత్తగారు చిట్టెమ్మగారైతే సంగతులన్నీ గిన్నెల చప్పుడుతోనే చెప్పేసేవారు.

నేనా, సఖినేటిపల్లి దగ్గర ఓ పల్లెటూళ్ళో ఇంగ్లీషు మేష్టారి కూతుర్ని. మా ఇంట్లో ఒకళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. నాన్న, అమ్మ, మామ్మ, నేను, నలుగురం ఒకేసారి మాట్లాడతాం, నలుగురం ఒకేసారి వింటాం కూడాను. అలాంటిదాన్ని తెచ్చి పాలకొల్లు పక్కన ఆ మూగకొంపలో పడేశారని, సంబంధం కుదిర్చిన పెద్దమనిషిని నేను తిట్టుకోని రోజు లేదు.

తొంభైల చివరి మాట ఇది. వైశాఖంలో పెళ్ళయింది. ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారి గడపలో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అందుకని నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళారు. నెల్లాళ్ళు నోరారా మాట్లాడుకోవచ్చు కదా అని, చెప్పొద్దూ, సంతోషంగానే బయల్దేరాను. నరసాపురం బస్సు కదలబోతుండగా ఆయన కిటికీ దగ్గరికొచ్చారు. ఏదో అనబోయారు. గొంతు సవరించుకున్నారు కూడాను. చివరికి "చెయ్యి బయట పెట్టకు" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ అనబోయిన మాటేమిటా అని దారి పొడుగునా ఆలోచించాను. గోదారి దాటేసరికి ఒళ్ళూ మండింది, ఏడుపూ వచ్చింది. ఒక్క మాటకి ఇంతలా మొహం వాచిపోయానేంటి అని నా మీద నాకే జాలేసింది.

వారం తిరక్కుండానే, నరసాపురం వెళ్ళిన నాన్న గుడ్డసంచీతో తిరిగొచ్చారు.

"అల్లుడుగారు రేవులో నా కోసం కాసుకుని ఉన్నారమ్మా. ఇది నీకిమ్మన్నారు."

సంచీలో లావుపాటి కాగితాల కట్ట. ఆయన థీసిస్సు. రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టేసిన వైరస్ మీద అయిదారేళ్ళుగా చేస్తున్న పని. యూనివర్సిటీలో గైడుగారు దాన్ని తిప్పి పంపేశారట. పని బాగానే ఉందిగానీ నీ ఇంగ్లీషు చదవలేకపోతున్నాను, ఆషాఢం వెళ్ళే లోపల తిరగరాసి ఇవ్వకపోతే గడువు దాటిపోతుంది, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు అన్నారట. ఆ డిగ్రీ రాకపోతే ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు. వాళ్ళ రొయ్యల చెరువులు కూడా ఆ జబ్బుకే పోయాక ఆ ఇంటిని నడుపుతున్నది ఆ జీతమే.

"ఇది నన్ను దిద్దమని ఆయనే అన్నారా నాన్నా?"

"అలా అనలేదమ్మా. సంచీ చేతిలో పెట్టి, 'మా హేమ ఇంగ్లీషులో ఎం.ఏ. కదండీ' అన్నారు. అంతే."

ఆయన నా పేరు పలకగా నేనెప్పుడూ వినలేదు. నాన్న నోటమ్మట విన్నాను, పైన ఆ 'మా' ఒకటి. సంచీ గుండెలకి అదుముకుని లోపలికి వెళ్ళిపోయాను.

చదవడం మొదలుపెట్టాక గైడుగారి మీద జాలేసింది. ఒక పేజీలో వాక్యాలు దొరలు రాసినట్టు దర్జాగా ఉన్నాయి. పక్క పేజీకొచ్చేసరికి ఇంగ్లీషు కుంటుతోంది. నాలుగు పేజీలు తిప్పేసరికి సంగతి తెలిసిపోయింది. ఆ దర్జా వాక్యాలు ఆయనవి కావు. పాత థీసిస్సుల్లోంచి, విదేశీ పత్రికల్లోంచి ఏరుకొచ్చి అతికించినవి. దొంగతనం అనకండి, దొంగతనం కాదది. తెలుగు మీడియంలో చదివిన మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే. సెలవు చీటీ దగ్గర్నుంచి పరీక్షలో వ్యాసం దాకా ఎవరో రాసింది కంఠతా పట్టి దించెయ్యడమే ఇంగ్లీషనుకుంటాం. సొంతంగా ఒక వాక్యం అనడానికి భయం, ఆ భయానికి మర్యాద తోడు. అంతంత పెద్దవాళ్ళు రాసినదానికన్నా నేను బాగా రాస్తానా అనుకుంటాం.

మా నాన్న దగ్గరికి ఇలాంటివాళ్ళు చాలామంది వచ్చేవారు. కొబ్బరి మీద పరిశోధన చేసే కుర్రాళ్ళు, రిపోర్టులు రాసుకునే బ్యాంకువాళ్ళు, ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవాళ్ళు. నాన్న వాళ్ళ కాగితం తీసుకుని, చదవకుండానే బోర్లా పెట్టేసి, "ముందు తెలుగులో ఏడవండి" అనేవారు. వాళ్ళు నసుగుతూ మొదలుపెట్టేవారు. నసగ్గా నసగ్గా అసలు సంగతి బయటపడేది. అప్పుడు పెన్సిలు తీసేవారు. పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ అదే పద్ధతి అలవాటైంది, ఇంకోటి రాదు. ఈయన్ని కూర్చోబెట్టి చెప్పించాలి. ఎదురుగా ఉన్నప్పుడే నోరు విప్పని మనిషిని, గోదారికి అవతల ఉండగా, అందులోనూ ఆషాఢంలో ఎలా చెప్పించను?

"పోనీ ఒక్క పూట అల్లుడుగార్ని ఇంటికి పిలిస్తే?" అన్నారు నాన్న, మెల్లిగా.

మా మామ్మ అచ్చాయమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు. "పిలు. పిలిచి నీ పెళ్ళాం ప్రాణం మీదికి తెచ్చుకో. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒక గడప దాటితే ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుందే మామ్మా?" అన్నాను నేను.

"నాకేం తెలుసు? మనింట్లో ఎవళ్ళూ దాటలేదుగా!"

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు ఏడుపొచ్చేసింది. ఆయన ఉద్యోగం పోతుంది మామ్మా, ఆ ఇల్లు ఇప్పటికే సగం చచ్చిపోయి ఉంది, ఇదీ పోతే ఇక ఎవళ్ళూ లేవరు అని ఏవేవో అనేశాను. ఆ కుటుంబం మీద నాకంత బెంగ ఉందని అప్పటిదాకా నాకే తెలీదు. మామ్మ చేతులు కడుక్కుంది. నా పక్కనొచ్చి కూర్చుంది.

"ఏడవకే పిచ్చిమొహమా. గడప దాటకూడదన్నారు. గోదారి దాటకూడదని ఎవళ్ళన్నారు? పంటు మీద గడపేదీ?"

రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిందే పంటు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకి, అక్కడి నుంచి ఇక్కడికి, రోజంతా తిరుగుతూనే ఉంటుంది. పాలక్యాన్లు, కొబ్బరి బస్తాలు, స్కూటర్లు, మేకలు, పెళ్ళివాళ్ళు, అన్నీ దాని మీదే. కబురు వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం పంటు ఇటు ఒడ్డుకి వచ్చేసరికి, ఓ మూల బల్ల మీద ఆయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అందరూ దిగారు, ఆయన దిగలేదు. నేనూ నాన్నా ఎక్కాం. నాన్న మాకు వీపు పెట్టి, దూరంగా మేకల పక్కన కూర్చుని పేపరు విప్పుకున్నారు.

టికెట్లు కొట్టే అబ్బాయి అయోమయంలో పడ్డాడు. "నరసాపురమేనాండి?"

"నరసాపురమే. కానీ దిగం."

"దిగరా? మరెక్కడ దిగుతారండి?"

"మళ్ళీ ఇక్కడికే వస్తాం. ఇక్కడ మేం దిగుతాంగానీ ఆయన దిగరు."

వాడు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, నా మెళ్ళో కొత్త పసుపుతాడు చూసి, "ఆహా, ఆషాఢమాండి" అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పండి," అన్నాను పెన్సిలు తీసి.

"ఏం చెప్పను? అంతా రాశానుగా."

"రాసింది మీరు చూసింది కాదండీ. ఎవరో ఎక్కడో చూసింది. మీరేం చూశారో చెప్పండి. తెలుగులోనే."

ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది. మొహం తిప్పుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. నరసాపురం రేవు వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు, పంటు వెనక్కి తిరిగింది. నా నోటి దురద నాకు తెలుసుగనక పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. నడి గోదాట్లోకి వచ్చాక ఆయన గొంతు వినిపించింది.

"కాకులు," అన్నారు.

"ఆఁ?"

"ముందు కాకులొచ్చాయి. రొయ్యకి జబ్బు చేస్తే అడుగున ఉండలేదు. గట్టువారగా పైకి తేలిపోతుంది. మనకంటే ముందు కాకికి తెలుస్తుంది. ఆవేళ పొద్దున్నే నేనూ నాన్నా వెళ్ళేసరికి చెరువు గట్టంతా నల్లగా ఉంది. అంత చిన్న చెరువు మీద అన్ని కాకుల్ని నేనెప్పుడూ చూళ్ళేదు. నాన్న నవ్వుతూ, 'ఇవాళ ఎవరింట్లోనో తద్దినమున్నట్టుందిరా' అన్నారు."

జబ్బు పడిన రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలాయనీ, పక్షులు గుమిగూడడమే అందరూ గమనించిన మొదటి గుర్తనీ చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో రాసి చదివాను. తద్దినం మాట రాయలేదు. అది థీసిస్సులోకి ఎక్కేది కాదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

"ఇంత మామూలు మాటలా? ఇది సైన్సులా లేదే," అన్నారు అనుమానంగా.

"మీరు చూసిందేనా?"

"చూసిందే."

"అయితే సైన్సే. ఊఁ, తర్వాత?"

తర్వాతేముంది, గేటు తీసిన కాలవే. రోజూ మధ్యాహ్నం పంటెక్కేవాళ్ళం. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని, అయిన కాగితాలు ఆయన తీసుకెళ్ళి పాలకొల్లులో కంప్యూటరు సెంటర్లో టైపు చేయించేవారు. ఏ కాలవ మీద ఎన్ని చెరువులున్నాయి, ఎవరు ఎప్పుడు రొయ్యపిల్లని వదిలారు, ఏ గట్టు మీద ఏ రోజు కాకులు వాలాయి, అన్నీ ఊరూరా తిరిగి రైతుల్ని అడిగి తెలుసుకున్నారట. ఊరందరితో అంత మాట్లాడిన మనిషి ఇంట్లో ఎందుకు మాట్లాడరో నాకు అంతుపట్టలేదు. అడగబోయి ఊరుకున్నాను. చెబుతున్నప్పుడు ఆయన చేతులు కూడా మాట్లాడేవి. నీటి మట్టం చూపించేవి, తూము తిప్పేవి. ఆ చేతులకేసి చూస్తూ ఒకటి రెండుసార్లు రాయడం మర్చిపోయాను.

ఓ రోజు మామ్మ పొద్దున్నే నా రెండు చేతులకీ గోరింటాకు దట్టంగా పెట్టేసింది. పంటు వేళయిందే అంటే, పండకుండా కడిగావంటే ఊరుకోనంది. అలాగే చేతులు గాల్లో పెట్టుకుని వెళ్ళాను.

"ఇవాళ నేను చెబుతా, మీరు రాయండి," అన్నాను.

గాలికి నా జుట్టు మొహమంతా పడుతోంది. చేతులతో తీసుకోలేను. ఆయన చూశారు. చెయ్యి కొంచెం పైకి లేచింది. అంతలో మేకల పక్కన ఉన్న నాన్నకేసి చూసి, ఆ చెయ్యి మళ్ళీ కాగితం మీదికే వెళ్ళిపోయింది. నాన్న పాపం, పేపరు ఇంకా పెద్దగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అయినా ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఆ రాత్రి గోరింటాకు ఎర్రగా పండింది. మొగుడికి నీ మీద ఎంత ప్రేమో చూడు అని అమ్మా మామ్మా ఆటపట్టిస్తుంటే నాకు నవ్వు రాలేదు. ఆ లేచి ఆగిపోయిన చెయ్యే కళ్ళ ముందుంది. ఆయన కోసం నాకు నిజంగా బెంగ మొదలైంది ఆవేళే.

పని చివరికొచ్చింది. ఒక్క చాప్టరు మిగిలింది, వైరస్ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి ఎలా పాకిందన్నది. ఆయన కష్టమంతా అందులోనే ఉంది. జబ్బు కనిపించగానే రైతు బతికున్న రొయ్యని పట్టించి ఎంతకో అంతకి అమ్మేసి, చెరువు నీళ్ళు కాలవలోకి వదిలేస్తాడు. ఆ కాలవలోంచే కింది చెరువుల వాళ్ళు మోటార్లు పెట్టి నీళ్ళు తోడుకుంటారు. పై చెరువు జబ్బు వరసగా కింది చెరువులన్నిటికీ పోతుంది. ఇంత తేటగా చెప్పగలిగిన మనిషి, రాసిన కాగితంలో మాత్రం మళ్ళీ దొరల వాక్యాల్లోకి దూరిపోయారు. 'నీటి ద్వారా సంక్రమణ జరిగి ఉండవచ్చునన్న అవకాశం తోసిపుచ్చదగినది కాదని భావించబడుతున్నది' అన్న ధోరణిలో పేజీలకి పేజీలు. ఎవరు భావించారో, ఎవరు తోసిపుచ్చలేదో దేవుడికెరుక.

"ఇదేంటండీ, ఈ ఒక్క చోటా ఇంత పొగమంచు? సూటిగా చెప్పండి. ఆ కాలవ మీద అన్నిటికంటే ముందు పోయిన చెరువు ఎవరిది?"

ఆయన ఒళ్ళో కాగితాలు సర్దుకోసాగారు.

"పేరు రాయక్కర్లేదు. అది ఏ చెరువో, నీళ్ళు ఎప్పుడు వదిలారో తెలిస్తేనే కదా మిగతాదంతా నిలబడేది?"

ఫైలు మూసేశారు. నరసాపురం రేవు రాగానే లేచి దిగిపోయారు. ఎప్పుడూ పంటు ఇటు తిరిగి మమ్మల్ని దింపేదాకా కూర్చునే మనిషి, ఆ రోజు గట్టెక్కి వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయారు. నాన్న పేపరు మడిచి, "ఏమైందమ్మా?" అన్నారు. నాకేం తెలుసు?

మర్నాడు పంటు లేదు. పైన వరదొచ్చింది. గోదారి ఎర్రగా, రేవు మెట్లన్నీ మింగేసి, కొట్టుకొచ్చిన దుంగలతో పరుగులు పెడుతోంది. పోనీ చుట్టూ తిరిగి రావులపాలెం మీదుగా వెళ్దామంటే మా ఊరి రోడ్డు మీదే మోకాలి లోతు నీళ్ళు, బస్సులు ఆగిపోయాయి. రోజూ నాన్నతో కలిసి నీళ్ళు నిలవని చోటు దాకా నడిచి, గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డుకేసి చూసేదాన్ని. అవతల కనిపించేదేముంది, కొబ్బరిచెట్ల గీత తప్ప! గడువు దగ్గరపడుతోంది. చివరి చాప్టరు సగంలో ఉంది. నిజం చెప్పాలంటే నాకు గడువు కంటే ఆ మనిషి మీదే ధ్యాస. వెక్కిరించినట్టు మాట్లాడి, తెరుచుకున్న నోరు మళ్ళీ మూయించేశాను. ఇక ఆ గొంతు వినపడదేమోనని తలుచుకుంటే అన్నం సయించలేదు. రోజూ మధ్యాహ్నం ఆ వేళకి చెవులు వాటంతటవే ఎదురుచూసేవి.

ఊళ్ళో ఫోను కొబ్బరి వ్యాపారం చేసే వాళ్ళింట్లో ఒక్కటే. వాళ్ళ పనిమనిషి నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చింది. "హేమమ్మగారూ, నరసాపురం నుంచి ఫోనండి! మీ కాయితాలు కూడా తెచ్చుకోమన్నారండి."

కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, చీర పైకి దోపుకుని పరుగెత్తాను. వాళ్ళింటిల్లిపాదీ హాల్లో కూర్చుని ఉన్నారు. ఫోనందుకున్నాను.

"నేనే," అన్నారు అవతల.

"తెలుసండి."

వెనకాల టెలిఫోను బూతు దగ్గర జనం గోల వినపడుతోంది. "తొందరగా కానివ్వండి లెక్చరరుగారూ" అంటున్నారెవరో.

"మొదటి చెరువు మాదే," అన్నారు.

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"కాకులొచ్చిన రోజే సాయంత్రానికి నాన్న తూము ఎత్తించేశారు. కింది చెరువులన్నీ పోయాయి. అవన్నీ ఎవరివనుకున్నావు? మా బాబాయివి, మా మేనత్తవాళ్ళవి, నాతో చదువుకున్నవాళ్ళవి. నీళ్ళు మేమే ముందు వదిలామని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాలో మేం కూడా ఆ మాట అనుకోలేదు. ఆ ఒక్క మాటా రాకుండా ఉండాలంటే ఇక ఏ మాటా రాకుండా ఉండడమే మేలనిపించింది మాకు. అప్పట్నుంచీ అలాగే ఉండిపోయాం."

ఇది ఆయన నాతో ఏకబిగిన మాట్లాడిన అతి పెద్ద మాట. పంటు మీద చెప్పిందంతా రొయ్యల సంగతి. ఇది మా ఇంటి సంగతి.

"వద్దులెండి," అన్నాను. "చెరువు నెంబరు వేసి ఊరుకుందాం. ఎవరికీ తెలీదు."

"నిన్న నాన్నని అడిగాను."

"ఆఁ! ఏమన్నారు?"

"పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత 'రాయరా' అన్నారు."

అక్కడే కింద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. మొదటి చెరువు ఈ రచయిత కుటుంబానిది. జబ్బు కనిపించిన రోజునే అందులోని నీటిని కాలవలోకి వదిలారు. ఇలా నాలుగు వాక్యాలు కుదిరేసరికి, ముందు పోగుపడ్డ వివరాలన్నీ వాటి వెనక వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కో వాక్యమే ఫోన్లో చెబుతుంటే ఆయన అవతల బూతు బల్ల మీద రాసుకున్నారు. స్పెల్లింగు అనుమానమొస్తే అడిగారు. వెనకాల జనం మొదట్లో విసుక్కున్నారు, తర్వాత ఏమనుకున్నారో సద్దుమణిగిపోయారు.

"ఇంకా?" అన్నారు.

"అయిపోయిందండి."

పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. ఆయన ఊపిరి వినపడుతోంది.

"హేమా."

"ఊఁ."

"శ్రావణం ఎప్పుడొస్తుంది?"

అంత జనంలో నిలబడి అడిగేశారు. వెనకాల గొల్లుమన్నారు. "పంచాంగం మేం చూసి చెబుతాం గానీ, ముందు ఫోను పెట్టండి లెక్చరరుగారూ!" అని ఎవరో అరిచారు. ఇటు కొబ్బరి వ్యాపారి ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించుకుని నన్నే చూస్తున్నారు. చూస్తే చూశారు.

"వచ్చేస్తోందండి," అన్నాను, గట్టిగానే.

థీసిస్సు గడువులోపలే విశాఖపట్నం చేరింది. గైడుగారు చదివి, నీళ్ళ చాప్టరు దగ్గర ఆగి, ఇది ముందే ఇలా ఎందుకు రాయలేదయ్యా అన్నారట. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం నిలబడింది. కానీ ఇదంతా తర్వాతి మాట.

శ్రావణం రాగానే నాన్న నన్ను దింపి వెళ్ళారు. వరద తీసింది, పంటు తిరుగుతోంది. ఆయనతో ఏమేం మాట్లాడాలో దారంతా కూర్చుకుంటూనే ఉన్నాను. తీరా చూస్తే ఇల్లు ఎప్పట్లాగే ఉంది. ఆయన నా పెట్టె అందుకుని, "వరద బాగా వచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. అత్తగారు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. అంతే. నట్టింట్లో నిలబడి నేను పంటు కోసం బెంగ పెట్టుకున్నాను. ఆయన పక్కనే ఉన్నారు, చెయ్యి చాస్తే అందుతారు. అయినా గోదారి మధ్యలో మేకల కంపులో కూర్చున్న ఆ మనిషే కావాలనిపించింది. ఇలాగని తెలిస్తే ఆషాఢాన్ని ఇంకో నెల పొడిగించమందును.

సాయంత్రం అరుగు ఊడుస్తుంటే మావగారు పిలిచారు. "అమ్మాయ్, ఇలా రా."

ఆయన నన్ను పిలవడం అదే మొదలు. ఒళ్ళో థీసిస్సు కాపీ ఉంది. మావగారికి ఇంగ్లీషు రాదు. పేజీలు అటూ ఇటూ తిప్పుతున్నారు.

"మన చెరువు సంగతి ఎక్కడుంది ఇందులో?"

తీసి చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టారు.

"తెలుగులో చెప్పు."

చీపురు పక్కన పెట్టి కింద మెట్టు మీద కూర్చున్నాను. ఏమీ దాచకుండా, ఏమీ తగ్గించకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి చెరువు మనది. కాకులొచ్చిన రోజే నీళ్ళు వదిలారు. ఆ కాలవ కింద చెరువులు వరసగా పోయాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నాళ్ళకి, అన్నీ చెప్పాను. మావగారు కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో మా ఆయన లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

చెప్పడం అయ్యాక మావగారు కళ్ళు తెరిచారు. "వీడు ఆవేళ తూము దగ్గర నాకు అడ్డం పడుకున్నాడమ్మా. వదలొద్దు నాన్నా, కింద బాబాయి చెరువుంది అని నా కాళ్ళు పట్టుకున్నాడు. ఈడ్చి అవతల పడేసి ఎత్తించాను. అది రాశాడా?"

నేను గుమ్మంకేసి చూశాను. పంటు మీద చెప్పలేదు, ఫోన్లో చెప్పలేదు. ఆ ముక్క నాకూ తెలీదు.

"రాయలేదండి మావయ్యగారూ."

"ఏరా, ఎందుకు రాయలేదు?"

మా ఆయన వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నారు. నా కళ్ళముందు వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం ఎప్పుడూ జరగలేదు.

"అది సైన్సు కాదు నాన్నా," అన్నారు.

మావగారు కొడుకు మోచెయ్యి పట్టుకుని, "ఆవేళ దెబ్బ ఇక్కడేనట్రా తగిలింది?" అని తడిమారు. "ఇక్కడ కాదు, ఈ వేపు," అని మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించారు. ఆ మచ్చ గురించి మొదలైన మాట తూము మీదికి, కాలవ మీదికి, బాబాయి మీదికి, రేపు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళి ఏమని చెప్పాలన్న దాని మీదికి మళ్ళింది. అత్తగారు దీపం పెట్టి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను మధ్యలో ఒక్క మాట కూడా కలపకుండా, మెట్టు మీద అలాగే కూర్చుని విన్నాను.